ప్రభుత్వ రంగ సంస్థల్లో ఎగ్జిక్యూటివ్ ట్రైనీ నియామకాలు

ఇంజనీరింగ్ పూర్తిచేసిన కొత్తవారిని కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు నేరుగా అధికారి హోదాలోకి తీసుకునే పద్ధతిని ఎగ్జిక్యూటివ్ ట్రైనీ నియామకం అంటారు. ఈ ఉద్యోగానికి ముందస్తు అనుభవం అక్కర్లేదు. ఎంపికైనవారికి సుమారు ఏడాదిపాటు జీతంతో కూడిన శిక్షణ ఇచ్చి, ఆ తరువాత విద్యుత్ కేంద్రం, రిఫైనరీ, గని, సబ్‌స్టేషన్ వంటి చోట్ల బాధ్యతలు అప్పగిస్తారు. విద్యుత్, చమురు, గనుల రంగాల్లోని పలు సంస్థలు అభ్యర్థులను వడపోయడానికి ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష అయిన గేట్ స్కోరును వాడుతున్నాయి. ఈ పద్ధతిలో అభ్యర్థి స్థానం దరఖాస్తు నింపకముందే చాలావరకు తేలిపోతుంది. దరఖాస్తు వల్ల మార్కులు పెరగవు. దానిలో దొర్లిన పొరపాటు మాత్రం వచ్చిన మార్కులను పనికిరాకుండా చేయగలదు.

నేపథ్యం

స్వాతంత్ర్యం తరువాత ఉక్కు, చమురు, విద్యుత్, భారీ యంత్రాల రంగాల్లో ప్రభుత్వ సంస్థలు వెలిశాయి. వాటికి ఏటా కొత్త ఇంజనీర్లు కావలసి వచ్చారు. ప్రైవేటు కంపెనీ తనకు నచ్చిన కాలేజీకి వెళ్లి నచ్చినవారిని తీసుకోవచ్చు. ప్రభుత్వ సంస్థకు అంత వెసులుబాటు లేదు. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలు రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం ‘రాజ్యం’ కిందికే వస్తాయని 1975లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నాటి చమురు, సహజవాయు కమిషన్ (నేటి ఓఎన్‌జీసీ), జీవిత బీమా సంస్థ, పారిశ్రామిక ఆర్థిక సంస్థ ఆ కేసులో ఉన్నాయి. ఉద్యోగాల్లో సమాన అవకాశం కల్పించాలనే 16వ అధికరణం ఆ విధంగా ఈ సంస్థలకూ వర్తించింది. అందుకే బహిరంగ ప్రకటన, ముందే చెప్పిన అర్హతలు, రిజర్వేషన్లు, మెరిట్ జాబితా ఈ నియామకాల్లో తప్పనిసరి అయ్యాయి.

చాలాకాలం ఒక్కో సంస్థ ఒక్కో రాతపరీక్ష పెట్టుకునేది. అభ్యర్థి ప్రతిదానికీ రుసుము కట్టి, వేరువేరు ఊళ్లకు వెళ్లి రాయవలసి వచ్చేది. లక్షలమందికి పరీక్ష జరపడం సంస్థలకూ భారమే. ఇంజనీరింగ్ పీజీ ప్రవేశాల కోసం 1980ల తొలినాళ్లలో మొదలైన గేట్ అప్పటికే దేశవ్యాప్తంగా నమ్మకం సంపాదించుకుంది. 2010 తరువాతి కొన్నేళ్లలో పెద్ద సంస్థలు ఒకటొకటిగా ఆ స్కోరును తమ వడపోతకు వాడుకోవడం ప్రారంభించాయి.

సంస్థలు, హోదాల పేర్లు

ఒకే రకం ఉద్యోగానికి సంస్థను బట్టి పేరు మారుతుంది. ఎన్‌టీపీసీలో ఇంజనీరింగ్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీ అంటారు. పవర్‌గ్రిడ్‌లో ఇంజనీర్ ట్రైనీ, కోల్ ఇండియాలో మేనేజ్‌మెంట్ ట్రైనీ, ఓఎన్‌జీసీలో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. గెయిల్, ఎన్‌ఎండీసీ, అణువిద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీ అనే అంటాయి. పేరును బట్టి కాక, ఏ గ్రేడులో చేర్చుకుంటారన్నదాన్ని బట్టి హోదాను అంచనా వేయాలి.

గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ అనే పేరుతో వెలువడే ప్రకటనలు సాధారణంగా ఈ కోవలోకి రావు. అప్రెంటిస్‌షిప్ 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పరిమిత కాలానికి ఇచ్చే పని శిక్షణ. అందులో స్టైపెండ్ ఉంటుంది కాని, గడువు ముగిశాక ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు. ఎగ్జిక్యూటివ్ ట్రైనీ శిక్షణలో ఉండగానే సంస్థ ఉద్యోగి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సంస్థల ఉనికి గట్టిగానే ఉంది. రామగుండం, సింహాద్రిలో ఎన్‌టీపీసీ కేంద్రాలు, విశాఖపట్నంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ క్షేత్రాలు, రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, హైదరాబాదులో ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం ఇక్కడివే. అయితే రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో 371-డి అధికరణం కింద లభించే స్థానికత రక్షణ వీటికి వర్తించదు. పోటీ దేశమంతటితోనూ ఉంటుంది, పోస్టింగ్ కూడా దేశంలో ఎక్కడైనా ఇస్తారు. ఎన్‌ఎండీసీ కార్యాలయం మాసబ్‌ట్యాంకులో ఉన్నా, దాని ప్రధాన ఇనుప గనులు ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలాలోనూ, కర్ణాటకలోని దోణిమలైలోనూ ఉన్నాయి.

గేట్ పరీక్ష, స్కోరు లెక్క

గేట్‌ను కేంద్ర విద్యాశాఖ తరఫున బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఏడు ఐఐటీలు (బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాస్, రూర్కీ) వంతులవారీగా నిర్వహిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో నమోదు మొదలవుతుంది. పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది, ఫలితాలు మార్చిలో వస్తాయి. గేట్ 2021 నుంచి ఇంజనీరింగ్ మూడో ఏడాది విద్యార్థులు కూడా రాయడానికి వీలు కల్పించారు. గేట్ 2024కు ఎనిమిది లక్షల పైచిలుకు అభ్యర్థులు నమోదు చేసుకోగా, ఆరున్నర లక్షల మంది దాకా పరీక్ష రాశారు.

మూడు గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. చాలా పేపర్లలో ఇంజనీరింగ్ గణితానికి 13, సబ్జెక్టుకు 72 మార్కులు కేటాయిస్తారు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటే సరైనదైన ప్రశ్నలకు నెగటివ్ మార్కులు ఉంటాయి: ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడోవంతు, రెండు మార్కుల ప్రశ్న తప్పితే మూడింట రెండు వంతులు కోత పడుతుంది. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకూ, జవాబును అంకెల్లో నింపవలసిన ప్రశ్నలకూ కోత లేదు.

ఫలితంలో మార్కులతో పాటు 1000కి లెక్కగట్టిన స్కోరు కూడా ఇస్తారు. అర్హత మార్కు వద్ద స్కోరు 350. పేపర్‌లో అగ్రస్థానంలో ఉన్న 0.1 శాతం మంది (లేదా మొదటి పదిమంది, ఏది ఎక్కువైతే అది) సగటు మార్కు వద్ద స్కోరు 900. మిగతావన్నీ ఈ రెండు బిందువుల గీతపై లెక్కిస్తారు. ఉదాహరణకు ఒక పేపర్‌లో అర్హత మార్కు 30, అగ్రశ్రేణి సగటు 80 అనుకుంటే, 60 మార్కులు తెచ్చుకున్నవారి స్కోరు 680. జనరల్ విభాగపు అర్హత మార్కులో 90 శాతం ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు) అభ్యర్థులకు, మూడింట రెండు వంతులు ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అర్హత మార్కు అవుతుంది.

స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ మాట పీజీ ప్రవేశాలకు వర్తించినంత సూటిగా ఉద్యోగాలకు వర్తించదు. ఏ ఏడాది గేట్ కావాలో సంస్థ తన నోటిఫికేషన్‌లో చెబుతుంది. సాధారణంగా ఒకే ఏడాది స్కోరును అంగీకరిస్తుంది. ఏ పేపర్ రాసి ఉండాలో కూడా అదే నిర్ణయిస్తుంది. గేట్‌లో క్వాలిఫై కావడం, ఉద్యోగానికి పిలుపు అందుకోవడం ఒకటి కాదు. పిలుపు వచ్చే కటాఫ్ ఖాళీల సంఖ్యను బట్టి మారుతుంది, సాధారణంగా అర్హత మార్కుకు చాలా పైన ఉంటుంది.

కాలక్రమం: ఒక ఉదాహరణ

ఎన్‌టీపీసీ 2025 జనవరి చివర్లో 475 ఇంజనీరింగ్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీ పోస్టులకు దరఖాస్తులు కోరింది. మెకానికల్‌కు 180, ఎలక్ట్రికల్‌కు 135, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు 85, సివిల్‌కు 50, మైనింగ్‌కు 25 ఖాళీలు చూపింది. అడిగింది గేట్ 2024 స్కోరు. ఆ పరీక్ష 2024 ఫిబ్రవరిలో జరిగింది, దానికి నమోదు 2023 ఆగస్టు చివర్లో మొదలైంది. అంటే ఈ కొలువు కోరుకున్నవారు ప్రకటన వెలువడడానికి ఏడాది ముందే పరీక్ష రాసి ఉండాలి, అంతకు కొన్ని నెలల ముందే ఫీజు కట్టి ఉండాలి. దరఖాస్తు గడువు 2025 ఫిబ్రవరి మధ్యలో ముగిసింది. సరిగ్గా అదే నెలలో గేట్ 2025 రాసినవారికి ఆ స్కోరు ఈ ప్రకటనకు పనికిరాలేదు.

ఏ సంస్థ ఎప్పుడు ఎన్ని ఖాళీలు ప్రకటిస్తుందో ముందుగా తెలియదు. ప్రకటన వెలువడిన తరువాత గేట్ రాద్దామనుకుంటే ఆలస్యమైనట్టే.

విద్యార్హత, వయసు

గేట్ స్కోరుతో పాటు డిగ్రీ మార్కులకూ కనీస హద్దు ఉంటుంది. ఎన్‌టీపీసీ 65 శాతం అడుగుతుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 55. పవర్‌గ్రిడ్, ఓఎన్‌జీసీ 60 శాతం అడిగాయి. వయోపరిమితి జనరల్ అభ్యర్థులకు ఎన్‌టీపీసీలో 27, పవర్‌గ్రిడ్‌లో 28 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు, దివ్యాంగులకు పదేళ్ల సడలింపు ఉంటుంది.

మార్కుల శాతం విషయంలో తెలుగు రాష్ట్రాల అభ్యర్థులు జాగ్రత్త పడవలసింది సీజీపీఏ మార్పిడి దగ్గర. యూనివర్సిటీ ఇచ్చిన సూత్రం ప్రకారమే శాతం లెక్కించాలని నోటిఫికేషన్లు చెబుతాయి. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నిబంధనల్లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో హెచ్చవేయాలి. ఆ లెక్కన 7.0 సీజీపీఏ సరిగ్గా 65 శాతం. 6.9 వచ్చినవారు 64 శాతం దగ్గర ఆగిపోతారు. పదితో నేరుగా హెచ్చించి 69 అని రాసుకుంటే ధ్రువపత్రాల పరిశీలనలో అది నిలవదు. 64.9ని 65గా సవరించుకోవడానికీ సాధారణంగా ఒప్పుకోరు. యూనివర్సిటీని, రెగ్యులేషన్‌ను బట్టి సూత్రం మారుతుంది కనుక, మార్పిడి పత్రాన్ని ముందే తెచ్చి పెట్టుకోవడం మంచిది.

డిగ్రీ పట్టాపై ఉన్న బ్రాంచి పేరు కూడా నోటిఫికేషన్‌లోని జాబితాలో ఉండాలి. చదివిన సబ్జెక్టులు దాదాపు అవే అయినా, పేరు జాబితాలో లేకపోతే తిరస్కరించవచ్చు.

దరఖాస్తు

దరఖాస్తు సంస్థ సొంత కెరీర్స్ పోర్టల్‌లోనే చేయాలి. గేట్ రాసినంత మాత్రాన పేరు దానంతటదే సంస్థలకు చేరదు. గేట్ రిజిస్ట్రేషన్ సంఖ్య, పుట్టిన తేదీ, మార్కులు, స్కోరు, డిగ్రీ వివరాలు, కేటగిరీ నింపి, ఫొటో, సంతకం జతచేయాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు సాధారణంగా రుసుము ఉండదు.

ఒకసారి సమర్పించాక వివరాలు మార్చుకునే అవకాశం చాలా సంస్థలు ఇవ్వవు. దరఖాస్తులో చూపిన కేటగిరీ గేట్ దరఖాస్తులోనిదేనా, పేరు అక్షరాలు పదో తరగతి మెమోతో సరిపోయాయా, ఈమెయిల్, ఫోన్ నంబరు ఏడాది తరువాతా పనిచేస్తాయా అన్నవి సమర్పించకముందే చూసుకోవాలి. తెలుగువారి ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొకదానిలో వెనుక, ఇంకొకదానిలో పొడి అక్షరంగా పడి ఉండడం మామూలే. పరిశీలన రోజున ప్రశ్నలు రాకుండా ఇలాంటి తేడాలను ముందే సరిచేయించుకుంటారు.

రిజర్వేషన్ ధ్రువపత్రాలు

కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం కోటా ఉంది. దివ్యాంగులకు 2016 చట్టం కింద 4 శాతం వేరుగా కేటాయిస్తారు. రాష్ట్రంలో వర్తించే కోటాతో దీన్ని కలిపి చూడకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 2025లో ఎస్సీ వర్గీకరణ అమలుకు తెచ్చినా, కేంద్ర నియామకాల్లో 15 శాతం ఒకే మొత్తంగా ఉంది.

వెనుకబడిన తరగతుల అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మీసేవ ద్వారా రాష్ట్ర అవసరాలకు తీసుకునే బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ పత్రం సరిపోదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం కావాలి. దానికి ముందు ఆ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. అటువంటివారు కేంద్ర నియామకాల్లో ఓబీసీలు కారు. ఆదాయం, ఆస్తి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండింటికీ హద్దు ఎనిమిది లక్షల రూపాయలే అయినా లెక్క వేరు. ఓబీసీ క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతాన్ని, వ్యవసాయాదాయాన్ని కలపరు. ఈడబ్ల్యూఎస్‌లో అంతకు ముందు ఆర్థిక సంవత్సరపు కుటుంబ ఆదాయం అంతా, జీతం, సాగు, వ్యాపారంతో సహా లెక్కకు వస్తుంది. పైగా ఐదెకరాలు, ఆపైన వ్యవసాయ భూమి ఉన్న కుటుంబం ఆ కోటాకు అర్హత కోల్పోతుంది. పత్రంపై ఉన్న తేదీ, ఆర్థిక సంవత్సరం నోటిఫికేషన్ అడిగినవే అయి ఉండాలి.

ఎంపిక

గేట్ మార్కులతో జాబితా తయారయ్యాక ఏం చేస్తారన్నది సంస్థను బట్టి మారుతుంది. పవర్‌గ్రిడ్ పలు నియామకాల్లో గేట్‌కు 85, గ్రూప్ డిస్కషన్‌కు 3, ఇంటర్వ్యూకు 12 శాతం ఇచ్చింది. ఓఎన్‌జీసీ గేట్‌ను వాడిన ఏళ్లలో దానికి 60, విద్యార్హతలకు 25, ఇంటర్వ్యూకు 15 మార్కులు పెట్టింది. ఎన్‌పీసీఐఎల్ పద్ధతి ఇందుకు భిన్నం: గేట్ స్కోరు ఇంటర్వ్యూ గది దాకా మాత్రమే తీసుకెళుతుంది, తుది జాబితా ఇంటర్వ్యూ మార్కులతోనే తయారవుతుంది. మరో కొసన, ఎన్‌టీపీసీ కొన్ని నియామకాల్లో ఇంటర్వ్యూ లేకుండా గేట్ మార్కులతోనే ఎంపిక పూర్తిచేసింది. 2016 నుంచి కింది స్థాయి కేంద్ర ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు రద్దయ్యాయి గాని, అధికారి స్థాయి పోస్టులకు ఆ నిబంధన వర్తించదు.

కాబట్టి సన్నద్ధత కూడా వేరుగా ఉండాలి. గేట్‌కు 85 శాతం ఉన్నచోట ఇంటర్వ్యూ దగ్గరదగ్గరి మార్కులవారి మధ్య తేడా చూపుతుంది. ఇంటర్వ్యూయే అంతా అయినచోట స్కోరులో ముందున్నవారూ మొదటి నుంచి మొదలుపెట్టాలి. బోర్డులో సాంకేతిక అధికారులు, మానవ వనరుల అధికారి, బయటి నిపుణుడు ఉంటారు. ప్రశ్నలు అభ్యర్థి చదివిన మౌలిక సబ్జెక్టుల నుంచి, చివరి ఏడాది ప్రాజెక్టు నుంచి వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు వేడెక్కుతుంది, పంపులో కావిటేషన్ ఎలా వస్తుంది వంటివాటికి సూత్రం అప్పజెప్పడం చాలదు, కారణం వివరించగలగాలి. సమాధానాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని చెప్పవచ్చు.

వైద్య పరీక్ష

తుది జాబితాలో పేరున్నా వైద్య పరీక్షలో నెగ్గితేనే నియామకం ఖాయం. చూపు, వినికిడి, రక్తపోటు, గుండె పనితీరు పరీక్షిస్తారు. విద్యుత్ సంస్థల్లో, రిఫైనరీల్లో రంగులను గుర్తించే శక్తికి ప్రాధాన్యం ఉంటుంది. కేబుళ్లు, సూచిక దీపాలు, పైపుల గుర్తింపు రంగులపైనే నడుస్తాయి. వర్ణాంధత్వం ఉన్న చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. సంస్థలు తమ ఆరోగ్య ప్రమాణాలను వెబ్‌సైట్లలో ఉంచుతాయి కనుక, దరఖాస్తుకు ముందే కంటి వైద్యుని వద్ద పరీక్ష చేయించుకోవడం మేలు.

జీతం, శిక్షణ, బాండు

2017 వేతన సవరణలో అధికారుల స్కేళ్లు ఈ-1కు 40,000–1,40,000, ఈ-2కు 50,000–1,60,000, ఈ-3కి 60,000–1,80,000 రూపాయలుగా ఖరారయ్యాయి. ట్రైనీని ఏ గ్రేడులో తీసుకుంటారన్నది సంస్థ ఇష్టం. కోల్ ఇండియాలో ఈ-2లో చేర్చుకుని, శిక్షణ తరువాత ఈ-3 ఇచ్చే పద్ధతి ఉంది. మూలవేతనంపై కరవు భత్యం మూడు నెలలకోసారి మారుతుంది. ఇతర అలవెన్సులు మూలవేతనంలో 35 శాతం దాకా ఉండవచ్చు. ఇంటి సదుపాయం లేదా అద్దె భత్యం, వైద్యం, పదవీ విరమణ ప్రయోజనాలు వీటికి అదనం.

ఏడాది శిక్షణలో తరగతి పాఠాలు, ప్లాంటులో పని రెండూ ఉంటాయి. కొత్తగా చేరినవారిలో చాలామందికి మొదటి పోస్టింగ్ షిఫ్టుల్లోనే పడుతుంది. గనుల చట్టం కింద ఉన్న ఆంక్షలను 2019లో సడలించాక, భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు మహిళలకు కూడా దారి తెరుచుకుంది.

చేరేటప్పుడు సాధారణంగా సర్వీసు బాండు రాయించుకుంటారు. శిక్షణ తరువాత నిర్ణీత కాలం, తరచుగా మూడేళ్లు, పనిచేయాలి. మధ్యలో వెళితే ఒప్పుకున్న మొత్తం చెల్లించాలి. ఇలాంటి షరతు చెల్లదన్న వాదన కోర్టుల్లో చాలాకాలం నడిచింది. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల కనీస సర్వీసు, రెండు లక్షల రూపాయల పరిహారం షరతును సమర్థించింది. మధ్యలో ఖాళీ అయిన పోస్టును నింపడానికి ప్రభుత్వ రంగ సంస్థ మళ్లీ బహిరంగ ప్రకటన, పరీక్ష జరపవలసి వస్తుందని, ఆ ఖర్చును కాపాడుకునే షరతు వృత్తి స్వేచ్ఛకు అడ్డు కాదని భావించింది. ఒకటికి మించిన ఆఫర్లు ఉన్నవారు బాండుపై సంతకం చేసేముందే తేల్చుకోవడానికి ఇదొక కారణం.

విమర్శలు

పీజీ ప్రవేశాలకు పుట్టిన పరీక్ష ఉద్యోగ పరీక్షగా మారడం వల్ల రెండువైపులా ఇబ్బందులు వచ్చాయి. ఉద్యోగం వచ్చేలోగా ఎంటెక్‌లో చేరి, పిలుపు రాగానే మధ్యలో వదిలేసేవారి వల్ల ఐఐటీల్లో సీట్లు ఖాళీ అయ్యాయి. 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (నేటి విద్యాశాఖ) పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో ఐఐటీలను మధ్యలో వీడినవారిలో పీజీ, పరిశోధన విద్యార్థులే ఎక్కువమంది. ప్రభుత్వ రంగ ఉద్యోగాలు రావడం అందుకు ఒక కారణంగా పేర్కొంది. నియామక కాలం ప్రవేశాల కాలానికి ముందే ముగియాలన్న సూచన ఈ సందర్భంగా వచ్చింది.

రెండోది, పనిలో అవసరమైన గుణాలు ఒక్క పరీక్షతో తెలియవన్న అభ్యంతరం. ఒకే పరీక్షకు ఒకటికి రెండుమూడేళ్లు కేటాయించేవారు పెరగడం మూడోది. హైదరాబాద్ అబిడ్స్ వంటి చోట్ల గేట్ శిక్షణ ఒక స్థిరమైన వ్యాపారంగా ఎదిగింది. అయితే కాలేజీ పేరుతో, ఊరితో సంబంధం లేకుండా ఒకే ప్రశ్నపత్రం మీద అందరినీ కొలవడం చిన్న పట్టణాల కాలేజీల విద్యార్థులకు మేలు చేసిందని సమర్థించేవారూ ఉన్నారు. క్యాంపస్ నియామకాలకు పెద్ద కంపెనీలు రాని కాలేజీల నుంచి మహారత్న హోదా ఉన్న పెద్ద ప్రభుత్వ సంస్థల దాకా వెళ్లే దారి ఇదే.

మారుతున్న పద్ధతులు, ఇతర మార్గాలు

గేట్ అన్ని సంస్థలకూ, అన్ని కాలాలకూ వర్తించే కొలమానం కాదు. భెల్ 2019లో సొంత కంప్యూటర్ పరీక్షకు మారింది. ఓఎన్‌జీసీ 2025 నియామకాలకు అదే చేసింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ తమ ట్రైనీలకు సొంత పరీక్షలు పెడతాయి. 1957లో మొదలైన భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణ పాఠశాల గేట్ స్కోరును, తన ఆన్‌లైన్ పరీక్షను రెండింటినీ అంగీకరిస్తుంది. సింగరేణి, రాష్ట్ర జెన్‌కోలు తమ నిబంధనల ప్రకారం వేరుగా నియామకాలు జరుపుతాయి.

ప్రైవేటు రంగంలో గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ పేరుతో ఇలాంటి కార్యక్రమాలే ఉన్నా, ఎక్కువభాగం క్యాంపస్ ఎంపికల ద్వారా నడుస్తాయి. రిజర్వేషన్లు, బహిరంగ ప్రకటన అక్కడ తప్పనిసరి కావు. రెంటికీ సిద్ధపడే అభ్యర్థి సబ్జెక్టు చదువును ఒకటిగానే సాగించవచ్చు. ప్రభుత్వ రంగం వైపు అదనంగా కావలసింది నోటిఫికేషన్‌ను చివరి పేజీ దాకా చదవడం, పత్రాలను గడువుకు ముందే సిద్ధం చేసుకోవడం, ఖాళీల ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఏటా గేట్ నమోదు తేదీని గమనించడం.